శాంపిల్ ప్లగ్గు

"జర శాంపిల్ చూపియ్యుండ్రి సార్. పాత ప్లగ్గు చూస్తెనే కొత్తది ఇస్తం," అన్నాడు నాంపల్లి స్పేర్‌పార్ట్స్ దుకాణంలో ఎల్లేష్.

"తియ్యుండ్రి మీ వజ్రం," అంది సౌభాగ్య భర్తతో.

పొద్దుట్నించీ అబిడ్స్ అంతా ఆమెను తిప్పాడు విద్యాసాగర్. ప్రతి దుకాణంలోనూ ఏదో ఒక వంక. ఇంట్లో ఆ పాత ఎర్ర స్పోర్ట్స్ కారు కదలదు, బయట ఈయన గొప్పలు ఆగవు. ఆమె పోరు పడలేక ఎట్టకేలకు అమ్మడానికి ఒప్పుకున్నాడు. సాయంత్రం కొనేవాళ్లు వస్తారు. కొత్త ప్లగ్గు పడి బండి స్టార్టయితేనే బేరం.

విద్యాసాగర్ ప్యాంటు జేబులోంచి ప్లగ్గు తీసి కౌంటర్ మీద పెట్టాడు.

ఎల్లేష్ నవ్వాడు. "ఇది స్కూటర్‌ది గద సార్! కార్ల ఎట్ల పడ్తది?"

సౌభాగ్యకు ఒళ్లు మండింది. "ఇన్నేండ్ల సంది ఆ కారు కిందనే పండుకుంటరు, దాని ప్లగ్గేదో తెల్వదా? నా స్కూటర్‌ది పీకి తెచ్చిన్రా? సిగ్గన్న ఉండాలె!"

విద్యాసాగర్ చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. అందులో రుమాలు మూట. రుమాలు అంచులోంచి మసిబారిన ఇంకో ప్లగ్గు తొంగి చూడడం సౌభాగ్య కంటబడింది.

కళ్లు మూసుకుని ఆ కారులో ప్రతి నట్టునూ తడిమి చెప్పగల మనిషి. పొరపాటు పడతాడా?

"అసలుది ఉంటే ఇయ్యుండ్రమ్మా. డబ్బాల నిండ ఉన్నయి నా దగ్గర," అన్నాడు ఎల్లేష్.

"మా దగ్గర ఇదొక్కటే ఉందన్నా," అంటూ స్కూటర్ ప్లగ్గు తీసుకుంది సౌభాగ్య.

మెట్లు దిగాక భర్త వైపు చూడకుండానే అంది: "బండి నడువదని నేనే ఫోన్ చేస్త వాళ్లకు. అమ్మబుద్ధి అయితలేదని చెప్పరాదు, అబద్ధమన్న సక్కగ ఆడరాదు మీకు."