నలభై ఎనిమిదోవాడు

“ఇవాళ ఏ వంకా పెట్టడానికి వీల్లేదు సార్. నలభై ఎనిమిదోవాణ్ణి తీసుకునే వెళ్లాలి మీరు,” అన్నాడు బొమ్మల షాపాయన, నాలుగు సీసపు బొమ్మల్ని కౌంటర్ మీద వరసగా నిలబెడుతూ.

రిటైరైన ప్రూఫ్‌రీడర్ గుండెల్లో రాయి పడింది.

నలభై ఎనిమిదోవాడు ఎవరంటారా? బల్ల మీద రెండు సైన్యాలు నిలబెట్టి, పాచికలు వేసి యుద్ధం చేసే ఆట ఒకటుంది. దాని నియమాల పుస్తకం ప్రకారం ఒక్కో పక్షానికీ నలభై ఎనిమిది మంది ఉండాలి. ప్రూఫ్‌రీడర్ కూడబెడుతున్నది సామ్నైట్ల సైన్యం. అంటే వెనకటికి ఇటలీ కొండల్లో ఉంటూ రోమ్‌ని ముప్పుతిప్పలు పెట్టినవాళ్లు. ఇక్కడ మాత్రం ఒక్కొక్కడూ బొటనవేలంత ఉంటాడు. శనివారం ఉదయం వచ్చి, గంటన్నర సేపు అటు తిప్పీ ఇటు తిప్పీ ఒక్కణ్ణే ఎంచుకునేవాడు ఆయన. సగం వారాలు ఎవరూ నచ్చలేదని ఉత్త చేతుల్తో వెళ్లిపోయేవాడు. అలా రెండేళ్లు లాగాడు.

నిజం చెప్పొద్దూ, ఆయనకి యుద్ధం మీద అంత మోజేం లేదు. ఆదివారం నుంచి శుక్రవారం దాకా లిఫ్టులో “ఎన్నో అంతస్తు?” అని అడగడం తప్ప నోరు విప్పే పనే ఉండదు. మనిషితో మాట్లాడటం అంటూ ఉంటే ఈ షాపులో, ఈ గంటన్నరే. సైన్యం కాస్తా పూర్తయితే ఏ మొహం పెట్టుకుని మళ్లీ ఈ మెట్లెక్కుతాడు?

“వీడు పనికిరాడండీ,” అన్నాడు మొదటివాణ్ణి కళ్లజోడు దగ్గరికి తెచ్చుకుని. “రెండు కాళ్లకీ తొడుగులున్నాయి. మనవాళ్లకి ఎడమ కాలికే కదా.”

“అందుకే పక్కవాణ్ణి కూడా తెచ్చా. చూడండి, ఒక్క కాలికే.”

“డాలు రోమన్లది.”

“పోనీ మూడోవాడు?”

“మూతి ముడుచుకున్నట్టున్నాడు.”

“యుద్ధానికెళ్లేవాడు నవ్వుతూ వెళ్తాడా సార్!”

“నాలుగోవాడి ఈటె వంకర.”

షాపాయన రెండు వేళ్లతో సుతారంగా ఆ ఈటెని తిన్నగా చేసేశాడు. “ఇప్పుడో?”

ప్రూఫ్‌రీడర్ వాణ్ణి దీపం కింద పెట్టి చూశాడు. తిరగేసి చూశాడు. ముప్పై నాలుగేళ్లు అక్షరం అక్షరం గాలించి తప్పులు పట్టిన కళ్లవి. ఆ కళ్లకి వాడిలో ఒక్క తప్పు దొరికితే ఒట్టు.

“వచ్చే వారం ఇంకోసారి చూసి…”

“వచ్చే వారం లేదు గిచ్చే వారం లేదు. రెండేళ్లు సార్! నేను మాత్రం ఎన్నాళ్లని ఆగేది?”

ఆ మాటకి ప్రూఫ్‌రీడర్ మనసు చివుక్కుమంది. అంటే ఇన్నాళ్లూ ఈయన తనని భరించాడన్నమాట! పాత గిరాకీ కదా అని మొహమాటానికి కబుర్లు చెప్పాడన్నమాట. ఛ, ఆ మాత్రం గ్రహించుకోలేకపోయాడు.

“సరే, కట్టేయండి,” అన్నాడు.

షాపాయన మొహం చేటంత అయింది. బొమ్మని దూదిలో చుట్టి, అగ్గిపెట్టెంత డబ్బాలో పెట్టాడు. మూత వెయ్యబోయి ఆగి, గొంతు సవరించుకున్నాడు.

“అయితే సార్, సైన్యం పూర్తయిందిగా. మరి… ఎవరితో ఆడతారు?”

‘ఎవరూ లేరండీ’ అన్న మాట ప్రూఫ్‌రీడర్ నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని అక్కడే మింగేశాడు. వదిలించుకుంటున్న మనిషి చేత అయ్యో పాపం అని కూడా అనిపించుకోవాలా?

“మా బావమరిది ఉన్నాడు కదా,” అన్నాడు.

ఆయనకి పెళ్లీ కాలేదు, అక్కచెల్లెళ్లూ లేరు. ఆ బావమరిది ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడో ఆయనకే తెలియాలి.

“ఓహో. ఆటొచ్చా ఆయనకి?”

“రాకపోవడమేంటి! రోమన్లందర్నీ సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. ఎప్పుడు పూర్తిచేస్తావు బావా అని ప్రాణం తోడేస్తున్నాడనుకోండి.”

“ప్రతి వారం ఆడతారా?”

“ఒక్క శనివారం కూడా ఖాళీ ఉండనివ్వడట.”

షాపాయన తలూపాడు. “మంచిదే సార్. ఇంట్లో మనిషే ఉంటే ఇంకేం కావాలి.” ఆ చిన్న డబ్బాకి రబ్బరు బ్యాండు వెయ్యడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. “వీలున్నప్పుడు ఇటు వస్తూ ఉండండి.”

“ఆఁ, ఆఁ, వస్తా.”

డబ్బా జేబులో వేసుకుని మెట్లు దిగాడు ప్రూఫ్‌రీడర్. రోడ్డు దాటేదాకా వెనక్కి తిరగలేదు. తిరిగితే తన కళ్లల్లో నీళ్లు షాపాయనకి కనబడతాయని భయం. ఇక శనివారం కూడా శుక్రవారం లాంటిదే అనుకున్నాడు. బస్సొచ్చినా ఎక్కాలనిపించక నడుచుకుంటూ పోయాడు.

లోపల షాపాయన, తలుపుకి తగిలిద్దామని పొద్దున్నే రాసిపెట్టుకున్న ‘ఇవాళ షాపు సెలవు’ అట్టని నాలుగు ముక్కలు చేసి బుట్టలో పడేశాడు. తర్వాత కౌంటర్ కింద నుంచి పెద్ద ట్రే ఒకటి పైకి తీసి, అందులో బారులు తీరి ఉన్నవాళ్లని ఒక్కొక్కళ్లనే దూదిలో చుట్టి పెట్టెలో సర్దేయడం మొదలుపెట్టాడు, ప్రూఫ్‌రీడర్ ఒకణ్ణి కొన్నప్పుడల్లా తనూ ఒకణ్ణి తీసి, రంగులేసి, ఈ రోజు కోసం దాచుకున్న నలభై ఎనిమిది మంది రోమన్లని.