ఒక కీ తక్కువ

"బాబూ, ఆ తెర మీద ఉన్నది తప్పు."

ఆపరేషన్ థియేటర్ బయట ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్న ప్రోగ్రామర్ తలెత్తాడు. ఎదురుగా ఓ పెద్దావిడ. జుట్టు చెదిరిపోయి ఉంది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

థియేటర్ లోపలా బయటా, కింద హాల్లోనూ కనిపించే ఆ తెర అతని చేతిపనే. ఆసుపత్రిలో అది పెట్టి ఆ రోజే మొదటిరోజు. లోపలున్న రోగి పేరు, అతనికి పడని మందు అందులో కనిపిస్తాయి. అది చూసే డాక్టర్లు ఇంజెక్షన్ ఎక్కిస్తారు.

"ఏం తప్పమ్మా?"

"సల్ఫా పడదని ఉంది. అది లోపలున్నాయనది కాదు. ఆ పేరు మా..."

"మీ ఆయన పేరేగా? సరిగ్గానే ఉందిగా!"

పొద్దుట్నుంచి ప్రతివాళ్ళూ ఏదో ఒక వంక పెడుతూనే ఉన్నారు. అతనికి విసుగెత్తిపోయింది.

"పేరు మా ఆయనదే. కానీ..."

"కంగారు పడకండమ్మా. మీ ఆయనకి ఏమీ కాదు."

ఆవిడ అతని మొహంలోకి చూసింది.

"ఇంకేమీ కాదులే నాయనా. నువ్వు మాత్రం ఒక్కసారి చూడు."

అని గోడకి ఆనుకుని నిలబడింది. పొమ్మన్నా పోయేలా లేదు.

ఆ చూపు పడలేక ప్రోగ్రామర్ కోడ్ తెరిచాడు.

రోగులందరినీ జావాస్క్రిప్ట్ భాషలో ఒక ఆబ్జెక్ట్‌గా, అంటే జతల పట్టికగా, పేర్చాడు. కీ రోగి పేరు. వాల్యూ ఆ రోగికి పడని మందు. పేరు చెబితే మందు చెబుతుంది. రాసిన రోజు ఎంత ముచ్చటపడ్డాడో!

ఆసుపత్రిలో చేరినవాళ్ళ లెక్క చూశాడు. ఆబ్జెక్ట్‌లో ఉన్న కీల లెక్క చూశాడు.

ఒకటి తక్కువ.



ఒకే పేరున్నవాళ్ళు ఇద్దరు చేరారు. ఒకే కీకి రెండు వాల్యూలు నిలవవు. వెనక వచ్చినాయన మందు ముందున్నాయన మందుని చప్పుడు లేకుండా చెరిపేసింది.

లోపలున్నాయన అసలు వివరం చేరినప్పటి రికార్డులో వెతికాడు.

పడని మందు: పెన్సిలిన్.

కుర్చీ తన్నేసి పరుగెత్తాడు. థియేటర్ తలుపు దబదబా బాదాడు.

"డాక్టర్ గారూ, ఆగండి! ఆయనకి పెన్సిలిన్ పడదు!"

తలుపు తెరుచుకుంది. డాక్టరు చేతిలో సిరంజి ఉంది.

"అదే ఎక్కించబోతున్నానయ్యా," అన్నాడు డాక్టరు. మాస్కు పైన కళ్ళు బెదిరిపోయాయి. సిరంజి ట్రేలో పడేశాడు.

 ప్రోగ్రామర్ తిరిగొచ్చి కూర్చుని కొత్తగా ఒక మ్యాప్, అంటే మరో రకం జతల పట్టిక, తయారుచేశాడు. ఈసారి కీ పేరు కాదు, చేరేటప్పుడు ఒక్కొక్కరికీ ఇచ్చే నంబరు. అందరినీ ఎక్కించి, ఎంతమందున్నారో తేల్చడానికి దాని సైజు అడిగాడు. లెక్క సరిపోయింది.

అప్పుడు గుర్తొచ్చి గోడవైపు తిరిగాడు. ఎవరూ లేరు.

"ఇక్కడ నిలబడ్డ పెద్దావిడ ఏరి సిస్టర్? ఆయనకి గండం గడిచిందని చెప్పాలి."

"మీరు తలుపు బాదాక, డాక్టరు గారు సిరంజి పడెయ్యడం చూసి వెళ్ళిపోయారు సార్," అంది నర్సు.

"అదేంటి, మొగుణ్ణి లోపల వదిలేసా?"

నర్సు తల అడ్డంగా ఊపింది.

"లోపలున్నాయన భార్య అదుగో, ఆ బెంచీ మీదున్నావిడ. ఆ పెద్దావిడ భర్త పొద్దున్నే మన వార్డులోనే పోయారు సార్, ఆయన్ని ఇంటికి తీసుకెళ్ళే బండిని కింద ఆపి మరీ మీకోసం పైకొచ్చారు."