లేవని చెయ్యి

“గార్వీ కుర్రాళ్ళంతా డిగ్రీలు పాసైతే, వాటిని తీసుకెళ్ళి స్టేడియం పైకప్పుకి వేలాడదీస్తామా?” లెన్నీ చేతిలో ఫోర్కు బల్లమీద కొట్టి లేచాడు. “కప్పు గెలిచిన గుర్తుగా అక్కడ వేలాడే జెండాలు రెండే. రెండూ స్ట్రాండ్ గెలిచి తెచ్చినవే. మీ గార్వీ ఇన్నేళ్ళలో ఏం తెచ్చాడమ్మా వెర్నా?”

మా కాలేజీ ఐస్ హాకీ అభిమానుల సంఘం సోమవారం భోజనానికి కూర్చుంటే పాత కోచ్ స్ట్రాండ్ గొప్పా, కొత్త కోచ్ గార్వీ గొప్పా అన్న గొడవ పులుసులో ఉప్పులాగా ఉండవలసిందే. కానీ ఇవాళ్టిది నోటిదురద గొడవ కాదు. శనివారం జట్టు చిత్తుగా ఓడి ఇంటికొచ్చింది. గార్వీని ఉంచమంటారా, పంపెయ్యమంటారా, మీ మాటేమిటని కాలేజీవాళ్ళే అడిగారు. సంఘానికి అధ్యక్షురాలు వెర్నా. గార్వీని ఎవరైనా ఒక్క మాటంటే సొంత తమ్ముణ్ణి అన్నట్టు మీదికి వచ్చే మనిషి.

“ఆ మొదటి కప్పు స్ట్రాండ్‌దేనా?” అంది వెర్నా. “వచ్చిన ఏడే గెలిచాడు. ఆ కుర్రాళ్ళని ఏరి తెచ్చిందెవరు? అంతకుముందు కోచ్. పాపం ఆయన వండిపెట్టి పోయాడు, ఈయన వడ్డించి పేరు కొట్టేశాడు.”

“మరి రెండోది?”

“రెండోది ఆయనదే, కాదన్నానా? గెలిచిన నెలకే పెద్ద కాలేజీ పిలిచిందని పెట్టె సర్దుకున్నాడు. జట్టులో కుర్రాళ్ళకి కూడా చెప్పలేదు, టీవీలో చూసి తెలుసుకున్నారు. ఆ రోజు మా వంటింట్లో కూర్చుని ముక్కు చీదింది నువ్వే కదా లెన్నీ?”

హాలంతా ఘొల్లుమంది. లెన్నీ మొహం కందిపోయింది.

“కోచ్‌ని కప్పులతో కొలిచేది వేరే ఊళ్ళవాళ్ళు,” వెర్నా గొంతు పెంచింది. “స్ట్రాండ్ ఉన్నన్నాళ్ళూ అద్దె ఇంట్లోనే ఉన్నాడు. అప్పుడే మనకి అర్థం కావలసింది. గార్వీ సరస్సు ఒడ్డున ఇల్లు కట్టుకున్నాడు. పిల్లల్ని మన బళ్ళో వేశాడు. వాడు మనవాడు. ఇవాళ ఓడాడు, రేపు గెలుస్తాడు. మనల్ని వదిలి మాత్రం పోడు!”

చప్పట్లు మోగాయి. ఆమె పక్కనే కూర్చున్న మొగుడు ఆర్విడ్ మాత్రం తల ఎత్తలేదు. కంచంలో బంగాళదుంప ముక్కల్ని ఒక పక్కకి ఏరి పెడుతున్నాడు.

గార్వీ ప్రతి సోమవారం ఇక్కడికే వచ్చి, తిట్లూ శాపనార్థాలూ విని, నవ్వుతూ జవాబులు చెప్పేవాడు. ఇవాళ గొంతు నొప్పని కబురు పంపాడు. అందుకే నోళ్ళు మరీ లేచాయి. చివరికి గార్వీ ఉండాలనేవాళ్ళని చేతులెత్తమన్నారు. లెన్నీయే లెక్కపెట్టాడు, మళ్ళీ ఒకసారి లెక్కపెట్టాడు.

“సరిగ్గా సగం. ఇంకొక్క చెయ్యి ఉంటే మీ గార్వీ గట్టెక్కేవాడు.”

వెర్నా పక్కకి చూసింది. ఆర్విడ్ చేతులు రెండూ బల్ల కింద ఉన్నాయి.

“ఆర్విడ్! చెయ్యెత్తు.”

“నావల్ల కాదు వెర్నా.”

“ఏమయ్యా ఇళ్ళ బ్రోకరూ,” లెన్నీ అందుకున్నాడు. “నీ బోర్డుల మీద ఫొటోలోనైతే ఊరంతటికీ పళ్ళికిలిస్తావే! పెళ్ళాం మాటకి చెయ్యెత్తాలంటే కమీషనివ్వాలా?”

అందరూ నవ్వారు. ఆర్విడ్ నవ్వలేదు, చెయ్యీ ఎత్తలేదు. లెక్క సగం దాటలేదు కనక గార్వీని పంపెయ్యమనే వాళ్ళ మాటే నెగ్గినట్టయింది.

బయట కారు దగ్గర వెర్నా ఆగలేకపోయింది. “లెన్నీ కప్పు కోసం నన్ను కాదన్నాడు. అది నాకర్థమవుతుంది. నీకేం పోయేకాలం?”

“చెప్పలేను.”

“కట్టుకున్నదానికి చెప్పలేవా?”

“చెప్పకూడదు వెర్నా.”

“ఓహో! ఎప్పట్నించి ఈ దాపరికాలు?” ఆమె కళ్ళు తుడుచుకుని తలుపు తెరిచింది. వెనక సీట్లో మూతపెట్టిన గిన్నె ఉంది. గార్వీ గొంతు కోసమని పొద్దున చేసిన సూపు. “నేను ఆయన ఇంటికి వెళ్తున్నా. కాళ్ళు పట్టుకుని క్షమించమంటా. నీ మెడ కోసింది మా ఆయనేనని చెప్తా.”

“ఇవాళ వద్దు,” ఆర్విడ్ కారు తలుపు పట్టుకున్నాడు. “రేపు వెళ్దువుగాని. నా మాట విను. సూపు ఎక్కడికీ పోదు.”

“ఆ స్ట్రాండ్ నయం! వాడు పరాయివాడు!” తలుపు లాగేసుకుని, బురదమంచు అతని ప్యాంటు మీద చిమ్మేలా బండి తిప్పింది. అద్దంలో ఆర్విడ్ రెండు చేతులూ ఎత్తి ఆగమంటూ పరుగెత్తడం కనిపించింది. ఇప్పుడు లేచాయా చేతులు, అనుకుంది.

దారంతా ఏడుస్తూనే ఉంది. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి, నలుగురిలో, ఒక్క చెయ్యి. ఇంతకంటే వెన్నుపోటు ఇంకేముంటుంది? గార్వీ మొహం చూడాలంటేనే సిగ్గుగా ఉంది. ‘మీరేం దిగులు పడకండి కోచ్, మీరు మమ్మల్ని వదలనంతకాలం నేను మిమ్మల్ని వదలను’ అని చెప్పాలనుకుంది. ఆ మాట రెండుమూడుసార్లు పైకే అని చూసుకుంది.

సరస్సు ఒడ్డున గార్వీ ఇంటి ముందు బండి ఆపి, మొహం తుడుచుకుని, గిన్నె రెండు చేతులా పట్టుకుని దిగింది. నాలుగడుగులు వేసి ఆగిపోయింది.

వాకిట్లో మంచుకుప్పలో ఒక బోర్డు గుచ్చి ఉంది. పొద్దున కురిసిన మంచు దాని నెత్తిన పేరుకుపోయి ఉంది. ‘ఈ ఇల్లు అమ్మబడును’ అన్న అక్షరాల పక్కన పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు ఆమె మొగుడు.