తెర లోపలి మంచం

ఛాతీ మీద ఎవరో రోకలి ఆనించి అదుముతున్నట్టుంది. పెద్దాయన మంచం చువ్వ పట్టుకుని లేవబోయాడు. ఒళ్లు సహకరించలేదు.

చుట్టూ ఆకుపచ్చ తెర. మూల కుర్చీలో అత్యవసర వైద్యుల సంఘం కార్యదర్శి. గుండెకో డాక్టరు, ఎముకకో డాక్టరు ఉన్నట్టే, ప్రాణం మీదికొచ్చినవాడికీ ప్రత్యేకంగా చదువుకున్న డాక్టరుండాలని ఏళ్ల తరబడి కాళ్లరిగేలా తిరిగిన మనిషి. అలాంటివాడు ఎదురుగా కూర్చుని కూడా ఉలకడు, పలకడు.

తెర తొలిగింది. కళ్లజోడు డాక్టరొకాయన వచ్చాడు.

"నొప్పి ఎక్కడండీ? చేతిలోకి పాకుతోందా?"

పొద్దుటినుంచి వచ్చిన ప్రతివాళ్లూ ఇదే అడిగారు. అడిగారు, తలాడించారు, పోయారు. ఒక సూది లేదు, ఒక మాత్ర లేదు.

"పాకుతోంది బాబూ. నిజంగానే పోయేట్టున్నాను."

కళ్లజోడు డాక్టరు కంగారుగా మూలకి చూశాడు. కార్యదర్శి మెచ్చుకోలుగా తలూపాడు. బయట గంట మోగింది. ఆయనా వెళ్లిపోయాడు.

"సారూ, నావల్ల కావట్లేదు. నన్ను లేపండి."

"అయిపోయింది పెద్దాయనా, ఇంకొక్కరే. కాస్త ఓర్చుకోండి."

ఓర్చుకోక ఏం చేస్తాడు? పొద్దున గొంతెత్తి మూలిగిన మనిషికి ఇప్పుడు మూలుగు కూడా పెగలడం లేదు. సాయంత్రానికల్లా వచ్చేస్తానని భార్యకి చెప్పొచ్చాడు. ఇంతమంది డాక్టర్ల మధ్య, నోరుండీ మూగవాడైపోయాడు. అడవిలో కూర్చుని ఏడ్చినా ఏ చెట్టో పుట్టో వినేదేమో!

చివరగా ఒకమ్మాయి వచ్చింది. ప్రశ్నలేం అడగలేదు. నుదుటి మీద చెయ్యి వేసింది. చల్లటి చెమట. నాడి పట్టుకుంది. మొహం మారిపోయింది.

"బాబాయ్ గారూ, కళ్లు మూయకండి. నేనున్నాగా."

ఆ మాటకి ఆయన కళ్లవెంట బొటబొటా నీళ్లు కారాయి.

ఆ అమ్మాయి మంచం చక్రాల గొళ్లెం కాలితో తన్నింది. తెర ఒక్క గుంజు గుంజింది. "పక్క వార్డుకి దారివ్వండి! జరగండి!" అని కేకపెడుతూ మంచాన్ని తనే తోసింది.

కార్యదర్శి లేచి అడ్డమొచ్చాడు. "ఏంటమ్మా ఈ గోల? ఇంకా గంటే మోగలేదు!"

"నా పరీక్ష పోతే పోయింది గానీ అడ్డు లేవండి సార్, మీరు రోగి వేషానికి తెచ్చిన ఈ నాటకాలాయన నటించడం మానేసి చాలాసేపైంది!"