రెండో సూది

కుర్చీలో కూర్చున్నది కౌన్సిలర్ అని చూడగానే డాక్టరమ్మకు ఒళ్లు మండిపోయింది.

ఊళ్లోని పేదవాళ్ల పళ్లకు దిక్కు ఈ ఒక్క ఉచిత ఆసుపత్రే. ఎన్నికల ముందు దీనికి రిబ్బను కత్తిరించిన పార్టీయే ఇప్పుడు దండగ ఖర్చు అంటోంది. మూసెయ్యాలా వద్దా అన్నది ఈ మధ్యాహ్నం పురపాలక సభలో తేలిపోతుంది. మూసేస్తే లాభం ఎవరికయ్యా అంటే, ఎదురుగా అద్దాల మేడలో పళ్ల ఆసుపత్రి నడుపుతున్న కౌన్సిలర్ గారి బావమరిదికి. పైగా ఈ పెద్దమనిషి మహా మాటకారి. లేచి నాలుగు ముక్కలు మాట్లాడాడంటే సభ మొత్తం గంగిరెద్దులా తలూపుతుంది.

"ఇంట్లోనే ఆసుపత్రి పెట్టుకుని మన దగ్గరికెందుకొచ్చినట్టు మేడమ్?" నర్సు గొంతు తగ్గించి అడిగింది.

"ఊరికే వస్తే ఎవరికి చేదు?"

బయట బెంచీల మీద జనం దవడలు పట్టుకుని మూలుగుతున్నారు. పొద్దున్నుంచీ అందరిదీ ఒకటే మాట, "రేపు కూడా ఉంటారా అమ్మా?" అని. ఆమె తల తిప్పుకుని తర్వాతివాళ్లను పిలుస్తోంది.

కౌన్సిలర్‌ది కింది దవడ పన్ను. పూర్తిగా పుచ్చిపోయింది. తియ్యక తప్పదు.

"డాక్టరమ్మా, మీతో ఒక్క మాట..."

"ముందు నోరు తెరవండి."

నొప్పి ఉన్నవైపు మత్తు సూది ఇచ్చింది. అక్కడితో ఆగాలి. ఆగలేదు. బాగున్న వైపు కూడా ఇచ్చేసింది. నర్సు తెల్లబోయి చూసింది. డాక్టరమ్మ తన వృత్తిలో ఇలాంటి పని ఎన్నడూ చెయ్యలేదు.

ఆయన నాలుక మొద్దుబారింది. ఏదో చెప్పబోతే మాట ముద్దగా వచ్చింది. చేత్తో బయటి బెంచీల వైపు చూపించాడు.

"వాళ్లకంటే ముందు పిలిచామనా? పర్లేదులెండి."

పన్ను ఊడొచ్చింది. దూది పెట్టి, "సాయంత్రం దాకా నోరు మెదపకండి, రక్తం ఆగదు" అని బెదిరించి పంపించింది.

మధ్యాహ్నం సభ ప్రసారం చూడటానికి అందరూ ఆసుపత్రి హాల్లో టీవీ చుట్టూ మూగారు. మూసెయ్యాలంటూ ఒకరి తర్వాత ఒకరు లేచి నసిగారు. వినేవాళ్లు ఆవలిస్తున్నారు. కౌన్సిలర్ మాత్రం కూర్చున్న చోటి నుంచి కదల్లేదు. డాక్టరమ్మకు ప్రాణం లేచొచ్చింది. చేసింది తప్పే, అయినా ఆసుపత్రి నిలబడుతుంది అనుకుంది.

"ఇక ఆసుపత్రి ఉండాల్సిందేనని మాట్లాడతానంటూ ముందుకొచ్చిన ఒకే ఒక్క సభ్యుడు..." అని ఛైర్మన్ పిలవగానే, మూతికి రుమాలు అడ్డం పెట్టుకుని కౌన్సిలర్ లేచి నిలబడ్డాడు.