మూల మంచం పెద్దమ్మ

సూది మళ్ళీ తప్పింది.

"నా చెయ్యేమన్నా దిండనుకున్నావా?" పేషెంటు గయ్యిమన్నాడు.

వార్డంతా తలలు తిప్పి చూసింది. ట్రైనీ నర్సు కళ్ళనిండా నీళ్ళు.

హెడ్ సిస్టర్ ట్రే లాక్కుంది. "శుక్రవారం ప్రాక్టికల్. అప్పటికి చెయ్యి కుదరకపోతే ఇంటికెళ్ళి గిన్నెలు తోముకో."

ఇంటికా! ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది?

పాపం, ఆ పిల్లకి లెక్కలంటే ప్రాణం. "లెక్కలు చదివి ఎవర్ని ఉద్ధరిస్తావే? నర్సింగైతే ఉద్యోగం వెతుక్కుంటూ వస్తుంది" అని అన్నయ్య పట్టుబట్టాడు. నాన్న మంచం పట్టాక ఇల్లు గడవాలి కదా. నోరు మూసుకుని చేరింది. సేవా లేదు, గీవా లేదు. ఉద్యోగం కావాలి, అంతే.

"అమ్మాయ్, ఇటు రా."

పిలిచింది మూల మంచం మీదున్న పెద్దమ్మ. ఆవిడకి రోజూ రక్తం తీసి పరీక్షకి పంపాలి.

"సిస్టరుగారూ, ఇకనించి నాకు ఈ పిల్లే తియ్యాలి."

"దానికి రాదమ్మా!"

"రాకపోతే నా దగ్గర నేర్చుకుంటుంది. మీరు మాత్రం పుడుతూనే నేర్చుకొచ్చారా?"

సిస్టర్ మూతి ముడుచుకుంది. అయినా పక్కనే నిలబడి చేయించింది.

సూది తప్పింది. పెద్దమ్మ దుప్పటి అంచు గట్టిగా పట్టుకుంది.

"నొప్పిగా ఉందా పెద్దమ్మా?"

"మా అత్తగారి మాటలకన్నా నయమేలే. కానియ్."

రోజూ అదే తంతు. ఒక చెయ్యి నల్లగా కమిలిపోతే రెండోది చాపేది. పక్క మంచాలవాళ్ళు పిచ్చిమాలోకం అన్నారు. ట్రైనీ కూడా లోపల్లోపల అలాగే అనుకుంది. మనకెందుకు, పని జరుగుతోంది కదా!

"ఇష్టపడే చేరావా ఈ చదువులో?" ఒకరోజు పెద్దమ్మ అడిగింది.

"ఉద్యోగం కోసం." ఉన్నమాట చెప్పేసింది.

"తప్పేముంది? కడుపు నిండాలిగా. చెయ్యి మాత్రం బాగా కుదుర్చుకో. పాసైతే వచ్చి చెప్తావు కదూ?"

"అయ్యో, ముందు మీకే చెప్తా!"

శుక్రవారం సూది ఒక్కసారికే దిగింది. పాస్!

స్నేహితురాళ్ళు క్యాంటీనుకి లాక్కుపోయారు. నవ్వులు, కేకలు. అన్నయ్యకి ఫోన్ చేసింది. మధ్యలో పెద్దమ్మ గుర్తొచ్చింది. రేపు చెప్దాంలే అనుకుంది.

మర్నాడు వెళ్ళేసరికి మూల మంచం ఖాళీ. పెద్దమ్మ భర్త ఆవిడ చెప్పులూ, గ్లాసూ సంచిలో సర్దుతున్నాడు.

"తెల్లారుజామున పోయిందమ్మా. నిన్నంతా 'ఆ పిల్ల వచ్చిందా' అని అడుగుతూనే ఉంది."

ట్రైనీ అక్కడే కూలబడి ఏడ్చేసింది.

"నేను పాసయ్యానండీ... ఆవిడ చేతులు కుళ్ళబొడిచి నేర్చుకున్నాను. వచ్చి ఒక్క మాట చెప్పలేకపోయాను. నొప్పని ఒక్కసారైనా అనలేదండీ!"

"నొప్పి లేకేం తల్లీ! సూదంటేనే హడలిపోయే మనిషి."

"మరి ఎందుకండీ అలా?"

ఆయన సంచి మూతి ముడేసి లేచాడు.

"మా ఒక్కగానొక్క కూతురు ఈ ఆస్పత్రిలోనే పోయిందమ్మా... కొత్తగా చేరిన నర్సుకి ఎంత వెతికినా నరం దొరక్క."