ఆఖరి లీకు

కుళాయి కారడం లేదు. ఇంజనీరుకు ముచ్చెమటలు పోశాయి.

"నువ్వు గానీ ముట్టుకున్నావా?" అని ఫిట్టరు మీద విరుచుకుపడ్డాడు.

"నా పొట్ట నేనే కొట్టుకుంటానా సార్? నిన్న సాయంత్రం కూడా చూసి వెళ్లాను. బ్రహ్మాండంగా కారుతోంది!" అన్నాడు ఫిట్టరు, నమ్మలేనట్టు కుళాయి చుట్టూ తిరుగుతూ.

వాళ్ల కంగారుకు కారణం లేకపోలేదు. ఆ నీళ్ల శాఖలో ఇప్పుడు ఉద్యోగాలంటూ లేవు, అన్నీ ప్రాజెక్టులే. పైపులు వేయడం ఒక ప్రాజెక్టు, వేసిన పైపులు ఎక్కడున్నాయో వెతకడం ఇంకో ప్రాజెక్టు. వీళ్లది లీకుల నివారణ ప్రాజెక్టు. ఊళ్లో లీకులు ఉన్నన్నాళ్లే వీళ్లకు జీతాలు. ఇంజనీరు వట్టి అమాయకుడు కాబట్టి, ఒళ్లు దాచుకోకుండా పనిచేసి ఒక్కటొక్కటిగా అన్నీ బాగుచేసేశాడు. తీరా చూసుకుంటే మార్కెట్ వెనక సందులో ఈ కుళాయి ఒక్కటే మిగిలింది. అప్పటినుంచి దాన్ని కంటికి రెప్పలా కాపాడుకుంటూ వస్తున్నారు. ఈ పూట పరిశీలకురాలు వచ్చి ఆ చుక్కలు కళ్లారా చూస్తే ఇంకో ఏడాది పొడిగింపు. లేదంటే ఇవాళే ఇంటికి.

ఇల్లు గుర్తొచ్చేసరికి ఇంజనీరు కంగారు రెట్టింపయింది. అతని ఉద్యోగానికి ఢోకా లేదన్న ధైర్యంతో భార్య పోయిన వారమే తన ఉద్యోగం మానేసి కుట్టు దుకాణం తెరిచింది. ఆ దుకాణానికి ఇంకా ఈగ కూడా రాలేదు.

"కంగారు పడకండి అల్లుడుగారూ, బాగుచేసింది నేనే!"

తిరిగి చూస్తే మామగారు. ముఖం చాటంత చేసుకుని, చేతిలో టేపు చుట్టతో నిలబడి ఉన్నారు.

"మీరా?"

"పెద్ద మేడమ్ వస్తోందని అమ్మాయి చెప్పింది. ఊరంతా బాగుచేసి ఇదొక్కటి మరిచిపోయారాయె! నలుగురిలో నా అల్లుడికి మాట రావడమా? పొద్దున్నే వచ్చి, కొత్త వాషరు వేసి, టేపు చుట్టి బిగించి పారేశాను. ఇక మీ మనవలొచ్చినా దీన్ని ఊడదీయలేరు."

ఇంజనీరుకు ఏడుపొచ్చింది. గట్టిగా అరుద్దామంటే, ఎంతైనా పిల్లనిచ్చిన మామ. "మీకెందుకండీ ఇంత శ్రమ..." అని మాత్రం అనగలిగాడు.

"శ్రమేమిటి? మనింటి పని కాదూ!"

ఫిట్టరు అప్పటికే రెంచి తీసి కుళాయితో కుస్తీ పడుతున్నాడు. ఇంజనీరూ చెయ్యి వేశాడు. ఇద్దరి మొహాలూ ఎర్రబడ్డాయి గానీ అది ఇసుమంతైనా కదల్లేదు.

"అంతలా పరీక్ష చెయ్యక్కర్లేదయ్యా, ఒక్క చుక్క రాదు. నాది హామీ!" మామగారు మురిసిపోయారు.

అంతలో సందు మొదట్లో జీపు ఆగింది. పరిశీలకురాలు దిగింది. నడివయసు మనిషి, నవ్వి ఎన్నాళ్లయిందో అన్నట్టుంది మొహం. తిన్నగా వచ్చి కుళాయి కింద అరచెయ్యి పట్టింది. అలా చాలాసేపు నిలబడింది.

"ఒక్క చుక్కా లేదే!"

"ఎలా ఉంటుందమ్మా? మా అల్లుడి పనంటే అంతే!" అన్నారు మామగారు.

"ఊళ్లో ఇంకెక్కడా లేదా?" ఆవిడ గొంతు కాస్త దిగింది.

ఉందని అబద్ధమాడదామనుకున్నాడు ఇంజనీరు. నోరు రాలేదు. "లేదు మేడమ్."

"కంటికి కనబడని లీకులని కూడా ఉంటాయి మేడమ్," అని ఫిట్టరు అందుకున్నాడు.

"కనబడనివాటిని నేనెలా చూస్తానయ్యా? మూసేయమని రాయక తప్పదు."

ఇంజనీరు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ సందులో నీళ్లంటూ ఉంటే ఇప్పుడు అవే. "మేడమ్, పని బాగా చేసిన పాపానికి ఇంట్లో కూర్చోవాలా? మా ఆవిడ నన్ను నమ్ముకునే..." మామగారు ఏమీ అర్థంకాక ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశారు.

ఆవిడ కుళాయికి చుట్టిన టేపును వేలితో గీరి చూసింది. తర్వాత మామగారి వైపు తిరిగింది.

"పెద్దాయనా, ఎండన పడి వచ్చాను. కాసిని మంచినీళ్లు తెచ్చిపెడతారా?"

"అయ్యో, అంతకంటేనా తల్లీ!" ఆయన హడావుడిగా ఇంటివైపు నడిచారు.

ఆయన మలుపు తిరిగేదాకా ఆవిడ అటే చూసింది. జీపు డ్రైవరు ఇటు చూడటం లేదని రూఢి చేసుకుంది.

"మాది కూడా ప్రాజెక్టేనండీ, మాకూ ఇదే ఆఖరి లీకు. జరగండి," అంటూ చేతిసంచిలోంచి మూరెడు రెంచి బయటికి తీసింది.